టీ దగ్గర అనుకున్నాం

చీమకుర్తిలో కర్నూలు రోడ్డు మీద
పైఅంతస్తు గది నాది.
పక్క ఆవరణలో రాయి కోసే ఫ్యాక్టరీ.
పదిన్నరకి మా మీటింగు మొదలయ్యే వేళకే
వాళ్ళ రంపమూ మొదలవుతుంది.
నా వంతు వచ్చినప్పుడే మైకు తెరిచి
"నిన్న లాగిన్ అయింది, ఇవాళ చెల్లింపుల పేజీ"
గబగబా చెప్పేసి మూసేస్తాను.
సూరత్ నుంచి నికుంజ్ అడుగుతాడు,
"వెనక వానా?"
ఏడాదిగా వాన అనే చెబుతున్నాను.
చీమకుర్తిలో అంత వాన ఎన్నడు కురిసిందని!

హైదరాబాదులో ఉన్న నలుగురు
మంగళ, గురువారాల్లో ఆఫీసుకొస్తారు.
ఆ రోజు తెర మీద
నలుగురికీ కలిపి ఒక్కటే గడి.
పొడవాటి బల్ల చివర
చింతగింజలంత ముఖాలు.
ఎవరో ఏదో అంటారు, గది గొల్లుమంటుంది.
ఆ నవ్వు నా దాకా వచ్చేసరికి
మాట రాలిపోయి చప్పుడే మిగులుతుంది.
నేనూ నవ్వుతాను, అర క్షణం ఆలస్యంగా,
ఎవరి పెళ్ళి ఫొటోలోనో ఇరుక్కున్నదానిలా.

పోయిన గురువారం రాత్రి
నేను రాసిన కోడ్ ఎక్కింది.
పదకొండు దాటాక
ప్రతి బిల్లూ రెండుసార్లు వెళ్ళడం మొదలైంది.
కరెంటు పోయి, ఇన్వర్టర్ కూత పెట్టేదాకా వెతికితే
పాత పట్టికలో ఒక వరస లేదు.
"ఇది ఎప్పుడు తీసేశారు?"
వారిజ గారు టైప్ చేస్తున్నారు.
మూడు చుక్కలు. ఆగాయి.
మళ్ళీ మూడు చుక్కలు.
మనిషి గొంతు సవరించుకోవడం
ఇప్పుడు ఇట్టాగే చూడాలి కాబోలు.
చివరికి వచ్చింది:
"టీ దగ్గర అనుకున్నాం కదా."

టీ దగ్గర.
మూడొందల కిలోమీటర్ల అవతల ఆ టీ.

కోపంగా రాసి చెరిపాను.
మర్యాదగా రాశాను.
మర్యాద ఇంకా ఘాటుగా ఉంది, అదీ చెరిపాను.
"సరే" అని మాత్రం కొట్టి
చివర చుక్క పెట్టాలా వద్దా అని
ఐదు నిమిషాలు చూశాను.
పెట్టాను.
కొట్టాయంలో జోబిన్ ఆ చుక్కని చదివాడు.
వెంటనే ఫోను, వచ్చీరాని తెలుగులో:
"తిన్నావా?"

తెల్లారి డాబా మీదికెక్కితే
పక్కన క్రేను దిమ్మెని లేపుతోంది.
ఇరవై టన్నుల నలుపు,
తడిసిన చోట బంగారు చుక్కలు.
ఆ హోరులో కేకేసినా వినపడదు.
కింద నుంచి దావీదు
రెండు చేతులతో మాట్లాడుతున్నాడు.
బొటనవేలు పైకి: ఎత్తు.
అరచెయ్యి గాలిని నిమిరితే: మెల్లగా.
పిడికిలి: ఆగు.
పైనున్న డ్రైవరు అదే సైగ తిరిగి చూపాకనే
గొలుసు కదులుతోంది.

మధ్యాహ్నం గేటు దగ్గర అడిగాను,
"రోజూ చేసే పనే గదా,
ఆయన మళ్ళీ చూపించేదెందుకు?"
బీడీ ఆర్పి అన్నాడు,
"నేనేం చెప్పానో నాకు తెలుసమ్మా.
ఆయనకేం అందిందో నాకెట్టా తెలిసేది?
కింద మనుషులుంటారు."
ఎడమచేతి చూపుడువేలు సగమే ఉంది.
దాని సంగతి నేనడగలేదు.

సాయంత్రం అందరికీ రాశాను:
టీ దగ్గర అనుకున్నది
టీ చల్లారేలోపు ఒక్క లైను రాయండి.
చదివినవాళ్ళు, మీకేం అర్థమైందో చెప్పండి.
నికుంజ్ బొటనవేలు పెట్టాడు.
జోబిన్ బొటనవేలు.
హైదరాబాదు నుంచి మూడు.
దావీదు భాషలో దాని అర్థం 'ఎత్తు' అని
వీళ్ళకెవరు చెప్పాలి!
వారిజ గారి పేరు పక్కన
చుక్కలు వెలిగి ఆరిపోయాయి.

మంగళవారం నాలుగూ పదికి ఆవిడ లైను:
"టీ దగ్గర అనుకున్నవి రెండు.
తేదీల పద్ధతి మారుస్తున్నాం.
మెషీన్లో చక్కెర అయిపోయింది."
మొదటిదాన్ని నా మాటల్లో తిరిగి రాశాను.
రెండోదానికి
నిజంగా నవ్వొచ్చింది.

బుధవారం పదిన్నరకి
నికుంజ్ అలవాటుగా, "వానా?"
"కాదు" అన్నాను, "రాయి కోస్తున్నారు."
మైకు మూయకుండా
కిటికీ వైపు తిప్పాను.